అందరినీ నమ్మే బిడ్డ: విలియమ్స్ సిండ్రోమ్

కొందరు పిల్లలు దారిన పోయేవారిని సైతం దగ్గరి బంధువులవలె పలకరిస్తారు. పసితనంలో అది ముద్దుగానే ఉంటుంది. పదిహేనేండ్లు నిండినా, ముఖమెరుగని మనిషి రమ్మంటే వెంట నడచిపోయే బిడ్డ ఉన్న ఇంట తల్లికి నిదుర ఉండదు. ‘ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదు’ అని మందలిస్తాము. విలియమ్స్ సిండ్రోమ్ గల పిల్లల విషయంలో ఆ మందలింపు అన్యాయం.

1961లో న్యూజిలాండులో విలియమ్స్, 1962లో జర్మనీలో బ్యూరెన్ అను వైద్యులు ఈ స్థితిని వర్ణించారు. ఏడవ క్రోమోజోముల జంటలో ఒకదానియందు పాతికకు పైగా జన్యువులు గల చిన్న తునక లోపించడమే దీనికి కారణం. సుమారు 7,500 జననాలలో ఒకరికి కలుగుతుందని ఒక అంచనా. బీజమునందలి సూక్ష్మభాగము చెడినచో శిశువులో దానికి సంబంధించిన అవయవము వికృతమగునని చరకసంహిత శారీరస్థానం చెప్పినది. ఈ లోపం చాలావరకు ఆ బిడ్డతోనే కొత్తగా ఏర్పడుతుంది. గ్రహణము, తల్లి తిన్న ఆహారము దీనికి కారణాలు కావు.

వీరి గ్రహణశక్తి విలక్షణమైనది. అమెరికాలోని సాక్ సంస్థలో ఉర్సులా బెల్లూగీ బృందం, చిన్న ‘వై’ అక్షరాలతో పేర్చిన పెద్ద ‘డి’ని చూపి గీయమన్నది. వారు ‘వై’లను చెదురుమదురుగా గీశారు, ‘డి’ ఆకారం రాలేదు. చుక్కలు కనిపించి ముగ్గు కనిపించకపోవడం వంటిదే ఇది. మాటనేర్పు, ముఖాలను గుర్తుపట్టడం మాత్రం మెరుగుగా ఉంటాయి.

1999లో అదే బృందం అపరిచితుల ఛాయాచిత్రాలు చూపి, వీరిలో ఎవరివద్దకు వెళ్లి మాట్లాడతారని అడుగగా, ఈ స్థితి గలవారు ఇతరులకంటె ఎక్కువ సుముఖత చూపారు. 2005లో ప్రచురితమైన మరొక పరిశోధన కారణాన్ని సూచించినది. భయాన్ని పసిగట్టే అమిగ్డలా అను మెదడు భాగం, వీరిలో కోపపు ముఖాలను, భయపు ముఖాలను చూచినపుడు తక్కువగా స్పందించినది. మనుషులు లేని ప్రమాద దృశ్యాలకు మాత్రం ఎక్కువగా స్పందించినది. అందువలన ఉరుముకు వణికే బిడ్డ మోసగానికి వెరవకపోవచ్చును.

ధీ అనగా మంచిచెడ్డల నిర్ణయం, ధృతి అనగా మనస్సును నిలిపే శక్తి, స్మృతి అనగా నేర్చినదానిని తలచుకొనుట. వీరిలో మొదటి రెండింటికి ఊతం కావాలి. విన్నదానిని గుర్తుంచుకొనే శక్తి చాలమందిలో మేలుగా ఉంటుంది కనుక దానినే ఆధారం చేసుకోవాలి. ‘మనిషిని చూచి నిర్ణయించుకో’ అనక, స్థిరమైన నియమం చెప్పండి. ఎవరి వెంట వెళ్లవచ్చునో పేర్లు నేర్పండి. మరెవరు పిలిచినా ‘అమ్మనడిగి వస్తాను’ అని చెప్పి వెనుదిరగడం ఆటగా, ఇంటా వీధిలోనా, పలుమార్లు చేయించండి.

లోపించిన జన్యువులను ఏ లేహ్యమూ, ఏ ఘృతమూ తిరిగి తేలేదు. పైగా వీరిలో కొందరికి, ముఖ్యంగా శైశవంలో, రక్తంలో కాల్షియం అధికంగా ఉంటుంది. కావున ప్రవాళ, శంఖ, ముక్తా భస్మాలుగాని, కాల్షియం, విటమిన్ డి మాత్రలుగాని రక్తపరీక్ష, వైద్యుని అనుమతి లేక ఇవ్వరాదు. గుండెనుండి వెడలే పెద్ద ధమని ఇరుకుగా ఉండవచ్చును. హృద్రోగ నిపుణునికి తప్పక చూపాలి. జన్యుపరీక్షతో వ్యాధి నిర్ధారణ అవుతుంది.

ఆ బిడ్డ నమ్మకం దోషం కాదు. దానికి కాపలా ఉండవలసినది మనము.