తెరమీద కనిపించని కరీమోవ్

సోవియట్ వ్యోమగాములు రాకెట్ ఎక్కే ముందు ఒక తంతు ఉండేది. వారు ప్రభుత్వ కమిషన్ అధ్యక్షుని ఎదుట నిలబడి సెల్యూట్ చేసి, ప్రయాణానికి సిద్ధంగా ఉన్నామని నివేదించాలి. ఆయన అనుమతి ఇవ్వాలి. టెలివిజన్‌లో ఈ దృశ్యం చూపినప్పుడు వ్యోమగాములే కనిపించేవారు. అనుమతి ఇచ్చే పెద్దమనిషి గొంతు మాత్రం వినిపించేది, కెమెరా అటు తిరిగేది కాదు. 1966 నుంచి 1991 వరకు, అంటే పాతికేళ్లపాటు, ఆ స్థానంలో ఉన్నవారు కరీమ్ అలియేవిచ్ కరీమోవ్.

రష్యన్లు కెరీమ్ అని పలికినా అది మన కరీమే. అలియేవిచ్ అంటే అలీ కుమారుడని అర్థం. ఆయన 1917 నవంబర్ 14న అజర్‌బైజాన్‌లోని బాకూ నగరంలో పుట్టారు. చమురు బావులకు పేరుపడ్డ ఊరది. 1942లో అక్కడే ఇంజనీరింగ్ చదువు ముగించి, ఫిరంగి దళ అకాడమీకి వెళ్లారు. యుద్ధకాలంలో కత్యూషా రాకెట్ల తనిఖీ ఆయన పని. 1946లో జర్మన్ల వి-2 రాకెట్‌ను పరిశీలించడానికి జర్మనీ వెళ్లిన బృందంలోనూ ఉన్నారు. క్రమంగా లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు.

అధ్యక్ష పదవి అనగానే ఊరేగింపులు, పూలదండలు గుర్తుకు రావచ్చు. కరీమోవ్‌కు దక్కినది అలాంటిది కాదు. అనుమతి ఆయనది, ప్రాణం ఎక్కేవారిది. బాధ్యత చేపట్టిన కొద్ది నెలలకే, 1967 ఏప్రిల్‌లో, సోయుజ్-1లో వ్లదీమిర్ కొమరోవ్ ఒంటరిగా బయలుదేరారు. కక్ష్యలో ఒక సౌరఫలకం విచ్చుకోలేదు. మరుసటి రోజు తిరిగి వస్తుండగా పారాచూట్ కూడా విచ్చుకోక నౌక నేలను ఢీకొంది. కొమరోవ్ మరణించారు.

అప్పుడు పని ఆగిపోలేదు, కానీ మనుషులను ఎక్కించడం ఆపారు. అదే ఏడాది అక్టోబర్ 30న కాస్మోస్-186, కాస్మోస్-188 అనే రెండు నౌకలు మనిషి లేకుండానే రోదసిలో ఒకదాన్నొకటి వెదుక్కుని కలిశాయి. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ, సొంత రాడార్‌తో దారి చూసుకుని! ప్రపంచంలో అటువంటి కలయిక అదే మొదటిది. తరువాతి కాలంలో అంతరిక్ష కేంద్రాలకు సరుకులు మోసిన మానవరహిత నౌకలు వెళ్లింది ఈ దారినే.

1971లో మరో దెబ్బ తగిలింది. తొలి అంతరిక్ష కేంద్రం సల్యూత్-1లో మూడు వారాలకు పైగా గడిపి సోయుజ్-11లో తిరిగి వస్తున్న ముగ్గురికి, నౌక భాగాలు విడిపోయే క్షణంలో గాలి కవాటం తెరుచుకుంది. లోపలి గాలి బయటికి పోయింది. పారాచూట్ చక్కగానే విచ్చుకుంది, నౌక మామూలుగానే దిగింది. తలుపు తీసి చూస్తే ముగ్గురిలోనూ ప్రాణం లేదు. ఇరుకు గదిలో ముగ్గురు పట్టడానికి పీడన దుస్తులు లేకుండా పంపారు! ఆ తరువాత చాలా ఏళ్లు ఇద్దరినే, దుస్తులు తొడిగించి పంపారు. ఈ మార్పు ముందే జరిగి ఉండాల్సింది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

మనవారితోనూ ఆయనకు సంబంధముంది. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో బయలుదేరినప్పుడు కమిషన్ అధ్యక్షులు కరీమోవే. ఇందిరాగాంధీ ప్రశ్నకు శర్మ ఇక్బాల్ గీతంలోని మాటతో జవాబిచ్చారని దేశమంతా చెప్పుకుంది. ఆయనను పైకి పంపినవారి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

తెలిసే అవకాశమూ లేదు. రాకెట్ల రూపశిల్పి కొరొల్యోవ్ పేరునే 1966లో ఆయన చనిపోయేదాకా దాచిన వ్యవస్థ అది. కరీమోవ్ కాస్త అదృష్టవంతులు. 1987లో, డెబ్బయ్యో ఏడు నిండబోతుండగా, ఆయన పేరు ప్రావ్దా పత్రికలో అచ్చయింది. 1991లో పదవీ విరమణ చేసినా అంతరిక్ష నియంత్రణ కేంద్రానికి సలహాదారుగా కొనసాగారు. రోదసి దారిలో తన అనుభవాలను గ్రంథంగా రాశారు. అది 1995లో వెలువడింది. 2003 మార్చి 29న మాస్కోలో, 85వ ఏట కన్నుమూశారు.