శిశువైద్యునికి పాఠశాల ఏది?

పెద్దలకిచ్చు మందును సగము చేసి ఇచ్చినచో పిల్లలకు సరిపోవునని పూర్వము పలువురు తలంచెడివారు. ఆ తలంపు ఎంత ప్రమాదకరమో ఒక్క ఉదాహరణము వలన తెలియగలదు. దగ్గుతో బాధపడుచున్న రెండేండ్ల బిడ్డ నిమిషమునకు 45 మారులు ఊపిరి తీయుచున్నచో అది న్యుమోనియాకు హెచ్చరిక. నెలబిడ్డ అదే లెక్కన ఊపిరి తీయుచున్నచో అది సహజమే. వారమునాటి శిశువుకు జ్వరము రాకపోవచ్చును. ఒళ్లు చల్లబడుటయే జబ్బుకు గుర్తు కావచ్చును. మందు మోతాదును, ఎక్కించవలసిన సెలైనును శిశువు బరువునుబట్టి లెక్కకట్టవలెను. శిశువైద్యము ఒక ప్రత్యేకశాస్త్రమైనది ఇందువలననే.

ఈ శాస్త్రమును గ్రంథములు చదివి కొంతవరకే నేర్వవచ్చును. ఎం.బి.బి.ఎస్. ముగించిన వైద్యుడు ఎం.డి. పట్టము కొరకు మూడేండ్లు శిశువైద్యమును అభ్యసించును. ఆ మూడేండ్లును అతనికి ఆస్పత్రియే పాఠశాల, మంచమే పాఠ్యపుస్తకము. కనుక ఆ ఆస్పత్రి ఎట్టిది, ఎచ్చట ఉన్నది అను ప్రశ్న వైద్యులకు మాత్రమే సంబంధించినది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల తల్లిదండ్రులకు అది తమ బిడ్డల ప్రాణములకు సంబంధించిన ప్రశ్న.

పిల్లల కొరకు ప్రత్యేకముగా ఆస్పత్రి నెలకొల్పుట పారిస్ నగరములో 1802లోను, లండన్‌లో 1852లోను జరిగినది. మన హైదరాబాదులో ఆ కీర్తి నీలోఫర్ ఆస్పత్రికి దక్కినది. ఏడవ నిజాము కోడలగు నీలోఫర్ రాకుమారి తన పరిచారిక ఒకతె ప్రసవ సమయమున మరణించుట చూచి కలతచెంది, స్త్రీలకును శిశువులకును ఆస్పత్రి ఉండవలెనని పట్టుబట్టినదని చెప్పుదురు. ఆ ఆస్పత్రి 1953లో వెలసినది. ఉస్మానియా వైద్యకళాశాలకు అనుబంధమై, ఎందరో శిశువైద్యులను తీర్చిదిద్దినది.

చిరకాలము అచ్చంపేట బిడ్డకైనను, దేవరకొండ బిడ్డకైనను జబ్బు ముదిరినచో చివరి దారి నీలోఫరే. నల్లగొండ పట్టణమునుండి గాని, మహబూబ్‌నగర్ పట్టణమునుండి గాని హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. పల్లెలనుండియు, తండాలనుండియు ఇంకను దూరము. నెలలు నిండక పుట్టిన శిశువుకు ఆ ప్రయాణమే ఒక గండము. దారిలో ఒళ్లు చల్లబడును, పాలు అందక రక్తములో చక్కెర తగ్గును, ఊపిరి అందకపోవచ్చును. బయలుదేరునప్పుడు బాగుగనే ఉన్న శిశువు గమ్యము చేరునప్పటికి ప్రాణాపాయములో పడుట కలదు.

మహానగరపు ఆస్పత్రిలో విద్యార్థికి కలుగు లాభమును తక్కువ చేయరాదు. వేలలో ఒక బిడ్డకు వచ్చు పుట్టుకలోపములు, అరుదైన రక్తవ్యాధులు, గుండెజబ్బులు నలుదిక్కులనుండి వచ్చి అచ్చట ఒక్కచోట కానవచ్చును. కాని అచ్చట విద్యార్థి చూచునది కథలోని చివరి అధ్యాయము. తల్లి మొదట దేనిని గమనించినది, ఎంతసేపు ఆగినది, బండి ఎప్పుడు దొరికినది, మొదటి ఆస్పత్రిలో ఏమి చేసినారు అను తొలి అధ్యాయములు అతని కంటబడవు. బిడ్డ బ్రతుకును నిర్ణయించునవి తరచుగా ఆ తొలి గంటలే.

ఈ మెట్టనేలకు దాని పాఠములు దానికి ఉన్నవి. నల్లగొండ ప్రాంతములో భూగర్భజలములోని ఫ్లోరైడు తరతరములుగా పిల్లల పండ్లను గారపట్టించి, ఎముకలను వంచినది. కృష్ణాజలము కుళాయిలకు చేరిన పిదప ఈ బాధ చాలవరకు తగ్గినది. అయినను కాళ్లు వంకరపోయిన బిడ్డను చూచిన వైద్యుడు, “ఏ నీళ్లు త్రాగుచున్నారు?” అని అడుగుట ఎరిగియుండవలెను. పాలమూరు కూలీలు ఆనకట్టలకు, రోడ్లకు, మేడలకు రాళ్లెత్తుటకై దూరదేశములకు వలసపోవుట లోకవిదితము. వలసలో పుట్టిన బిడ్డకు టీకాలు తప్పియుండవచ్చును. బరువు తూచిన వారుండకపోవచ్చును. ఆ బిడ్డ వచ్చినప్పుడు దగ్గుమందు వ్రాసి పంపుట చాలదు. ఆరునెలలు దాటి అయిదేండ్లలోపు వయసుగల బిడ్డ జబ్బచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు లోపడినచో అది తీవ్రమైన పోషణలోపమని గుర్తింపవలెను.

భాషయు ఒక పాఠమే. “పానం బాగ లేదు, డొక్కలెగురుతున్నయి” అని తల్లి చెప్పినప్పుడు, న్యుమోనియా ముదిరిన లక్షణమును ఆమె తన మాటలలో సరిగా చెప్పుచున్నదని వైద్యుడు గ్రహింపవలెను. లంబాడీ తల్లి మాటకు, నల్లమల చెంచు తల్లి మౌనమునకు గూడ అర్థము తెలియవలెను. ఈ విద్య అచ్చటి వార్డులో అబ్బినట్లు మరియొకచోట అబ్బదు.

సంతోషింపదగిన విషయమేమనగా, బోధనాస్పత్రులు ఇప్పుడు ఈ నేలకే వచ్చినవి. 1999లో నార్కట్‌పల్లిలో కామినేని సంస్థయు, మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్. కళాశాలయు ఆరంభమైనవి. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్యకళాశాల 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను, వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను తరగతులు ప్రారంభించినవి. బీబీనగర్‌లోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో 2019లో బోధన మొదలైనది. ఇదిగాక, 2020లో దేశవ్యాప్తముగా నియమములు సవరింపబడి, 2021లో చేరినవారు మొదలుకొని ప్రతి స్నాతకోత్తర వైద్యవిద్యార్థియు మూడునెలలు జిల్లా ఆస్పత్రులలో పనిచేయవలెనని ఏర్పాటైనది.

అయితే బోర్డు మార్చినంతమాత్రమున ఆస్పత్రి పాఠశాల కాజాలదు. అందుకు కొన్ని వసతులు కావలెను. కాన్పుగదిలో, పుట్టి ఏడ్వని శిశువుకు మొదటి నిమిషములోనే ఊపిరి అందించు నేర్పు గలవారుండవలెను. నవజాతశిశువుల ప్రత్యేక చికిత్సావిభాగములో వెచ్చదనమునిచ్చు ఉయ్యెలలు, పచ్చకామెర్లకు నీలికాంతి దీపములు, వానిని కనిపెట్టియుండు నర్సులు చాలినంతమంది ఉండవలెను. బరువు తక్కువ శిశువును తల్లి రొమ్మునకు ఆనించి వెచ్చగా ఉంచు ‘కంగారూ’ పద్ధతి 1978లో కొలంబియా దేశములోని బొగోటాలో మొదలైనది; దానికి కావలసినది యంత్రము కాదు, తల్లికి కూర్చుండ చోటు, ఓపికగా నేర్పు నర్సు. టీకాల గదియు, పోషణకేంద్రమును విద్యార్థికి పాఠశాలలో భాగములే.

వీటన్నిటికంటె ముఖ్యమైనది గురువు. రాత్రి రెండుగంటలకు సందేహము వచ్చినప్పుడు అడుగుటకు అనుభవజ్ఞుడొకడు అందుబాటులో ఉండవలెను. మరణించిన ప్రతి బిడ్డను గూర్చి మరునాడు అందరును కూర్చుండి, ఎవరినో నిందించుటకు గాక, ఏది ముందుగా చేసియుండవచ్చునో తెలిసికొనుటకు విచారింపవలెను. ఇవి లేనిచోట మూడునెలలు గడపిన విద్యార్థి పని చేసినవాడగును గాని, పని నేర్చినవాడు కాడు. ఖాళీయైన ఉద్యోగములను విద్యార్థులతో నింపుట శిక్షణ కాదు. కనుక జిల్లా ఆస్పత్రికి మంచములతోపాటు ఆచార్యులను, నర్సులను ఇచ్చుట బిడ్డల ప్రాణములకు వేసిన కాపుదల.

నగరమా, జిల్లాయా అని తగవు పెట్టుకొనవలసిన పనిలేదు. అరుదైన వ్యాధిని నగరములో చూడవలెను. తరచుగా బిడ్డలను కబళించు వ్యాధిని అది పుట్టుచోటనే ఎదుర్కొననేర్వవలెను. రెండింటిని ఎరిగిన వైద్యుడే పూర్ణశిక్షణ పొందినవాడు.

ఇందులో గృహస్థుల పాత్రయు కలదు. బోధనాస్పత్రికి పోయినప్పుడు పడుచువైద్యులు ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగినదే అడుగుదురు, విసుగుకొనవలదు. తల్లి చెప్పిన చిన్నమాట ఒక్కొక్కప్పుడు వ్యాధిని పట్టియిచ్చును. టీకాల కార్డును, ఇదివరకు వాడిన మందుల చీటీలను వెంట తీసికొనిపోవలెను. చికిత్స అర్థము కానిచో పెద్ద వైద్యునితో మాట్లాడవలెనని మర్యాదగా అడుగుట మీ హక్కు. నేడు మన బిడ్డ ఊపిరిని లెక్కించుట నేర్చుకొన్న యువవైద్యుడు, రేపు ఆమనగల్లులోనో, హాలియాలోనో అర్ధరాత్రి వచ్చిన మరియొక బిడ్డ వద్ద తడబడకుండ నిలువగలడు.