రోదసీ విమానముల విరమణ

వస్తువును ఒకసారి వాడి పారవేయుట దుబారా అని మన పెద్దలు చెప్పుచుందురు. అమెరికా శాస్త్రజ్ఞులు స్పేస్ షటిల్‌ను నిర్మించుటకు మూలమైన ఆలోచనయు ఇదియే. రాకెట్టువలె లేచి, విమానమువలె దిగి, మరల ఎగురు నౌక ఉన్నచో రోదసీ యాత్ర చౌకయగునని వారు ఆశించిరి. 1981 ఏప్రిల్ 12న కొలంబియా ఆ ఆశతోనే నింగికెగసినది. 2011 జులై 21న అట్లాంటిస్ నేలకు దిగుటతో ఆ అధ్యాయము ముగిసినది. ముప్పది సంవత్సరములలో అయిదు నౌకలు 135 యాత్రలు చేసినవి. హబుల్ దూరదర్శినిని కక్ష్యలో నిలిపినదియు, దానిని మరమ్మతు చేయుటకు మనుష్యులను చేర్చినదియు ఇవియే.

ఇంతటి నౌకలకు విరమణ ఏల? మొదటి కారణము ఖర్చు. ప్రతి యాత్ర పిమ్మట ఇంజనులను, ఇరువది వేలకు మించిన ఉష్ణకవచపు పలకలను పరీక్షింపవలసి వచ్చెడిది. ఆశించిన పొదుపు చేకూరలేదు. రెండవ కారణము ప్రాణభయము. 1986 జనవరి 28న చలికి బిరుసెక్కిన రబ్బరు వలయము సందును మూయలేకపోగా, చాలెంజర్ 73 సెకండ్లకే ముక్కలైనది. ఎగిరిన వేళ ఊడిపడిన నురుగు ముక్క తగిలి రెక్క చెడిన కొలంబియా, 2003 ఫిబ్రవరి 1న తిరుగు దారిలో విచ్ఛిన్నమైనది. కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో కలిపి, ఈ రెండు ప్రమాదములలో 14 మంది అసువులు బాసిరి.

లోపము నిర్మాణములోనే కలదు. షటిల్ ఇంధనపు తొట్టి ప్రక్కన అతుక్కొని ఎగిరెడిది. తొట్టినుండి ఊడినది దానికి తగులును. రాకెట్టు చెడినచో తప్పించుకొను దారి లేదు. గుళిక ఆకారపు నౌక రాకెట్టు శిఖరమున కూర్చుండును. ఆపద కలిగినచో విడివడి పారాచూట్లతో దిగును. కావుననే క్రొత్త నౌకలు పాత రూపమునకే మరలినవి.

2011 తరువాత సుమారు తొమ్మిదేండ్లు అమెరికా వ్యోమగాములు రష్యావారి సోయజ్ నౌకలలోనే వెళ్ళవలసి వచ్చినది. 2020 మే 30న డ్రాగన్ ఆ లోటు తీర్చినది. హైదరాబాదునుండి అమెరికా వెళ్ళిన తండ్రికి జన్మించిన రాజా చారి 2021 నవంబరులో ఇట్టి నౌకకు నాయకుడైనాడు. 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా అంతర్జాతీయ రోదసీ కేంద్రమునకు చేరినదియు డ్రాగన్‌లోనే. గగనయాన్ కొరకు మన ఇస్రో ఎంచుకొన్నదియు గుళికయే.

మరల వాడుకొను ఆలోచన మాత్రము నశింపలేదు. డ్రాగన్ గుళికయు, దానిని మోయు రాకెట్టు మొదటి అంతస్తును తిరిగి వచ్చి మరల ఎగురుచున్నవి. పోయినవి రెక్కలే.

విద్యార్థులమైన మనము మరువరాని విషయ మొకటి కలదు. చాలెంజర్ ఎగురుటకు ముందు రాత్రియే, ఈ చలిలో ప్రయోగము వలదని కొందరు ఇంజనీర్లు వాదించిరి. వారి మాట చెల్లలేదు. నౌక రూపము మారినంత మాత్రమున చాలదు. వలదనువాని మాట ఓపికతో వినుటయు మనము అలవరచుకొనవలెను.