గోల్‌బజార్‌లో సమ్మతి ఎవరిది?

గత వారం నేను రాజధానిలో లేను. కలకత్తాలో పని ముగించుకొని తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్‌లో రెండు రోజులు ఆగాను. ఉత్తరాంధ్ర పాఠకులకు ఈ ఊరిని పరిచయం చేయనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారు కలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా ఇక్కడికి వలస వచ్చారు. వారి మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఈ రైల్వే కాలనీలలో స్థిరపడి ఉన్నది. 1,072 మీటర్ల ఇక్కడి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం చెప్పుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్ ఆ కీర్తిని లాగేసుకున్నది. కాని గోల్‌బజార్‌లో కూరగాయల బేరం తెలుగులో సాగటం మాత్రం ఇంకా మానలేదు. 2020 డిసెంబరులో మమతా బెనర్జీ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించినప్పుడు ప్రధానంగా దృష్టిలో ఉంచుకున్నది ఈ పట్టణాన్నే. అప్పటికి శాసనసభ ఎన్నికలు నాలుగు నెలల దూరంలో ఉన్నాయన్నది వేరే సంగతి.

గోల్‌బజార్‌లో జిరాక్సు, ఫోటోలు, రైలు టిక్కెట్లు, పింఛను కాగితాలు అన్నీ ఒకే బల్ల మీద జరిగే ఒక చిన్న దుకాణంలో అరగంట కూర్చున్నాను. ట్రెయిన్ ఎగ్జామినరుగా పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పెద్దాయన ఏదో ప్రభుత్వ సేవ కోసం దరఖాస్తు నింపించుకుంటున్నారు. కంప్యూటరు ముందున్న కుర్రవాడు వెబ్‌సైటు తెరవగానే అడుగున ఇంగ్లీషులో ఒక చీటీ ప్రత్యక్షమైంది. రెప్పపాటులో అతడు ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట నొక్కాడు, చీటీ మాయమైంది.

“అందులో ఏమున్నది నాయనా?” అని అడిగాను.

“కుకీలంటండి. నొక్కకపోతే చీటీ అడ్డం తొలగదు.”

పెద్దాయనకు రైల్వే ఇంగ్లీషు బాగానే వచ్చును. తెర మీద ఉన్నది వకీళ్ల ఇంగ్లీషు. “సర్వీసులో ఉండగా నేను సంతకం చేస్తే గాని బండి కదిలేది కాదు బాబూ,” అన్నారాయన నవ్వుతూ. “ఇప్పుడు నా సంతకం ఈ మనవడు పెడుతున్నాడు. దేని మీద పెడుతున్నాడో వాడికీ తెలీదు, నాకూ తెలీదు.”

ఢిల్లీలో పదేళ్లుగా సాగిన ఒక చర్చ సారాంశమంతా ఈ మాటలలో ఉన్నదని నాకు తోచింది.

కుకీ అన్నది స్వతహాగా దుష్టమైన వస్తువేమీ కాదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటులి అనే ఇంజనీరు దీనిని కనిపెట్టాడు. స్టేషన్లోని సామాన్ల గదిలో మూట అప్పగిస్తే మనకొక టోకెను ఇస్తారు గదా, అటువంటిదే ఇది. వెబ్‌సైటు మన యంత్రంలో ఒక చిన్న గుర్తును దాచుకొంటుంది. మనం మళ్లీ వెళ్లినప్పుడు ఆ గుర్తును బట్టి ‘ఇందాకటి మనిషే’ అని పోల్చుకొంటుంది. ఇది లేకపోతే టిక్కెట్టు కొనే మధ్యలో పేజీ మారిన ప్రతిసారీ మనం ఎవరమో మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి. చిక్కు మూడో పక్షంతో వస్తుంది. సామాన్ల గది గుమాస్తా పక్కనే సంబంధం లేని మరొక వ్యక్తి నిలబడి, మన జేబులో తన టోకెను కూడా పడవేసి, ఆ తరువాత మనం ఏ హోటలుకు వెళ్లామో, ఏ మందుల దుకాణంలో ఆగామో, ఏ దినపత్రిక కొన్నామో వరుసగా రాసుకుంటే ఎట్లా ఉంటుంది? ప్రకటనల కంపెనీల కుకీలు చేసే పని అదే. ఆ వ్యక్తిని తన గదిలో నిలబడనిచ్చినది ప్రభుత్వమే అయినప్పుడు ప్రశ్న వ్యాపార నీతిని దాటిపోతుంది.

ఇది ఊహ కాదు. 2019 మే నెలలో ఒక ప్రయాణికుడు రైలు టిక్కెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ యాప్‌లో అసభ్యమైన ప్రకటనలు కనిపిస్తున్నాయని బహిరంగంగా ఫిర్యాదు చేశాడు. తాము గూగుల్ ప్రకటనల పరికరాన్ని వాడుతున్నామనీ, అది కుకీల ద్వారా వ్యక్తి చూసే అలవాట్లను బట్టి ప్రకటనలు చూపుతుందనీ, బ్రౌజరులోని కుకీలనూ చరిత్రనూ తుడిచివేసుకోవలసిందనీ సంస్థ సమాధానమిచ్చింది. దేశమంతా పగలబడి నవ్వింది, ఫిర్యాదు చేసినవాడి మీద. ఆ నవ్వులలో అసలు సంగతి కొట్టుకుపోయింది. ప్రభుత్వానికి మెజారిటీ వాటా ఉన్న సంస్థ, రైలు ఎక్కక తప్పని పౌరుల మీద ప్రకటనల కంపెనీల నిఘాను తన ముంగిటనే సాగనిస్తున్నానని అధికారికంగా ఒప్పుకున్న సందర్భమది. పార్లమెంటులో ఆనాడే పెద్ద దుమారం రేగవలసినది.

మూడేళ్ల తరువాత అదే సంస్థ మరో అడుగు వేసింది. ప్రయాణికుల సమాచారం నుంచి ఆదాయం పిండటమెట్లాగో చెప్పే సలహాదారు కావాలని 2022 ఆగస్టులో టెండరు పిలిచింది. వెయ్యి కోట్ల రూపాయల ఆదాయం మీద ఆశ పెట్టుకున్నట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. పరిశీలించవలసిన సమాచారం జాబితాలో పేరు, వయస్సు, ఫోను నంబరు, చిరునామా, ప్రయాణించే తరగతి, డబ్బు చెల్లించిన విధానం మాత్రమే కాదు, లాగిన్, పాస్‌వర్డు కూడా ఉన్నాయి! శశి థరూర్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం సంజాయిషీ కోరటంతో ఆగస్టు 26న టెండరును ఉపసంహరించుకున్నట్లు సంస్థ తెలియజేసింది. అదే నెల 3వ తేదీననే కేంద్రం వ్యక్తిగత సమాచార పరిరక్షణ బిల్లును లోక్‌సభ నుంచి వెనక్కు తీసుకున్నది. చట్టం ఇంకా రాలేదన్న ధీమాతోనే బేరానికి దిగారన్న అనుమానానికి ఆ తేదీలే తావిచ్చాయి.

ఇంతకూ చట్టం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ప్రకటించినది 2017 ఆగస్టు 24న. చట్టం ముసాయిదా తయారు చేసే పని జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణకు అప్పగించారు. తెలంగాణ సమస్యపై 2010 డిసెంబరులో నివేదిక సమర్పించి, ఎవరినీ పూర్తిగా సంతృప్తిపరచలేకపోయిన ఆ శ్రీకృష్ణగారే ఈయన. 2018 జూలైలో ఆయన ముసాయిదా ఇచ్చారు. అటుపిమ్మట 2019లో ఒక బిల్లు, దానిపై సంయుక్త పార్లమెంటరీ సంఘం, పైన చెప్పిన ఉపసంహరణ, తిరిగి మరొక బిల్లు. ఎట్టకేలకు 2023 ఆగస్టు 11న డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. నిబంధనలు వెలువడటానికి మరి రెండేళ్లు పట్టింది. అవి 2025 నవంబరులో వచ్చాయి.

ఈ చట్టంలో గోల్‌బజార్ పెద్దాయనకు పనికివచ్చే నిబంధన ఒకటి ఉన్నది, దాన్ని మెచ్చుకోవాలి. సమ్మతి కోరేవారు ఏ సమాచారం తీసుకుంటున్నారో, దేనికోసమో వివరించే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో పౌరుడు కోరిన దానిలోగాని చదువుకునే వీలు కల్పించాలి. ఎనిమిదో షెడ్యూలుకు రాష్ట్రాల సరిహద్దులు లేవు. ఖరగ్‌పూర్‌లో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, భివాండీలో ఉన్నా తెలుగువాడు తెలుగులో చదువుకునే హక్కు గలవాడే. బెంగాల్ ప్రభుత్వం ఇచ్చిన అధికార భాషా ప్రతిపత్తి కన్నా ఇది ఒక విధంగా విస్తృతమైనది.

అయితే ఒక చేత్తో ఇచ్చినదానిని మరో చేత్తో ఎట్లా తీసుకున్నారో చూడండి. సబ్సిడీ, ప్రయోజనం, సేవ, సర్టిఫికెట్టు, లైసెన్సు, పర్మిట్ – వీటి కోసమైతే ప్రభుత్వం ప్రతిసారీ సమ్మతి అడగనక్కరలేదని ఏడో సెక్షను చెబుతున్నది. ఒకనాడు ఏదో ఒక ప్రభుత్వ ప్రయోజనం కోసం ఇచ్చిన సమ్మతి చాలు. లేదా కేంద్రం నోటిఫై చేసిన ఏదైనా ప్రభుత్వ డేటాబేసులో ఆ సమాచారం అప్పటికే ఉంటే చాలు. సమ్మతి అడగని చోట సమ్మతి నోటీసూ ఉండదు, నోటీసు లేని చోట తెలుగుకు చోటెక్కడ? అంతేకాదు. పని తీరిన తరువాత మన సమాచారాన్ని చెరిపివేయవలసిన బాధ్యత బట్టల దుకాణానికి ఉన్నది, ప్రభుత్వానికి లేదు. పదిహేడో సెక్షను ఆ మినహాయింపు ఇచ్చింది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలనైతే భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి చట్టం నుంచే బయట పెట్టవచ్చు. రైలు టిక్కెట్టు ‘ప్రభుత్వ సేవ’ కిందికి వస్తుందా, వ్యాపారం కిందికి వస్తుందా అన్నది రేపు న్యాయవాదులకు చేతినిండా పని కల్పించే ప్రశ్న.

నాకు బోధపడనిది ఈ తర్కమే. బట్టల దుకాణం కుకీలు నచ్చకపోతే పక్క దుకాణానికి పోవచ్చు. పింఛనుకు పక్క దుకాణం ఉన్నదా? 2025 జూలై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ లేనిదే ఇంటర్నెట్టులో తత్కాల్ టిక్కెట్టు కొనే వీలు లేదు. కాదని లేచిపోయే స్వేచ్ఛ లేనిచోట ‘అంగీకరిస్తున్నాను’ అనేది సమ్మతి ఎట్లా అవుతుంది? ఆ స్వేచ్ఛ లేదు గనుకనే ప్రభుత్వం మీద భారం ఎక్కువగా ఉండాలి. మన చట్టం దానిని తక్కువ చేసింది.

అమలు తేదీలు మరింత ఆసక్తికరం. పౌరుడికి నోటీసు, సమ్మతి, ఫిర్యాదు హక్కులు కల్పించే సెక్షన్లకు నిబంధనలు వెలువడిన నాటినుంచి 18 నెలల గడువు పెట్టారు. అంటే 2027 మే. అధికారుల వ్యక్తిగత వివరాలను సమాచార హక్కు చట్టం కింద నిరాకరించటానికి వీలు కల్పించే సవరణ మాత్రం 2025 నవంబరులోనే, తక్షణం అమలులోకి వచ్చింది. ఏది ముందు, ఏది వెనుక అన్న విషయంలో నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ ఎన్నడూ పొరబడినట్లు నాకు గుర్తు లేదు.

ప్రభుత్వ వెబ్‌సైట్లలో గోప్యతా విధానం పేజీ ఉండదని కాదు. చాలావాటిలో ఇంచుమించు ఒకే ముసాయిదా కనిపిస్తుంది. మీ ఇంటర్నెట్టు చిరునామా, బ్రౌజరు రకం, వచ్చిన వేళ, చూసిన పేజీలు నమోదు చేస్తాము. సైటుకు హాని తలపెడితే తప్ప మీరెవరో ఆరా తీయము. మూడో పక్షానికి ఏదీ ఇవ్వము. చదవటానికి ఎంతో హాయిగా ఉంటుంది. ఆచరణ ఎట్లా ఉండేదో మన తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 13 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో బయటపడి ఉన్నాయని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మేలో అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి – ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది మరొకటి. మరుసటి ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం వివరాలు ఎవరైనా చూడగలిగేటట్లు పడి ఉన్నాయి. దొంగ తాళం పగలగొట్టలేదు, తలుపులే లేవు.

ప్రభుత్వం తన మీద తాను కట్టడి విధించుకోవటం అసాధ్యమేమీ కాదు. 2000 సంవత్సరంలో వైట్‌హౌస్ మాదకద్రవ్య నియంత్రణ కార్యాలయం ప్రచార ప్రకటనలు పౌరుల యంత్రాలలో కుకీలు పెడుతున్నాయని బయటపడినప్పుడు క్లింటన్ ప్రభుత్వం సంకోచించలేదు. తప్పనిసరి అవసరమూ, శాఖాధిపతి ఆమోదమూ, స్పష్టమైన నోటీసూ ఉంటే తప్ప ఫెడరల్ వెబ్‌సైట్లలో కుకీలు వాడరాదని ఆ జూన్‌లోనే ఉత్తర్వు వెలువడింది. పదేళ్ల తరువాత దానిని సడలించినప్పుడు సైతం షరతులు పెట్టారు. ఇక యూరప్‌లో, ప్రపంచానికంతటికీ గోప్యతా పాఠాలు చెప్పే యూరోపియన్ కమిషనే 2025 జనవరి 8న అక్కడి జనరల్ కోర్టులో ముద్దాయిగా ఓడిపోయింది. కమిషన్ వెబ్‌సైటులోని ఫేస్‌బుక్ లంకె ద్వారా తన ఇంటర్నెట్టు చిరునామా అమెరికాలోని మెటా కంపెనీకి చేరిందని ఒక జర్మనీ పౌరుడు దావా వేయగా, అతనికి 400 యూరోలు చెల్లించవలసిందని తీర్పు వచ్చింది. మొత్తం చిన్నదే. కాని అక్కడి పౌరుడికి పట్టుకోవటానికి ఒక మెడ దొరికింది.

కుకీలు లేకుండా సైట్లు నడవవనీ, ఎంతమంది వచ్చారో లెక్క తెలియాలనీ అధికారులు అనవచ్చు. నిజమే. లెక్క సొంత పుస్తకంలో రాసుకోవచ్చు గదా, ప్రకటనల కంపెనీ పుస్తకంలోనే ఎందుకు? అవసరమైన కుకీకి సమ్మతి నాటకం అక్కరలేదు. అక్కరలేని కుకీకి ప్రభుత్వ గుమ్మంలో చోటుండనక్కరలేదు. ఈ ఒక్క ఉత్తర్వుకు కొత్త చట్టం కూడా అవసరం లేదు, ఒక మంత్రిత్వ శాఖ సర్క్యులరు చాలు.

పార్లమెంటులోని మన తెలుగు సభ్యులు ఈ సంగతి మీద రెండు ప్రశ్నలు వేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలో మూడో పక్షం కుకీలు ఉన్నవి ఎన్ని? తెలుగులో నోటీసు సిద్ధం చేసినవి ఎన్ని? వేసేటప్పుడు నక్షత్ర గుర్తు పెట్టి వేస్తే అనుబంధ ప్రశ్నలకు అవకాశం ఉంటుంది. గుర్తు లేకుండా వేస్తే, సమాచారం సేకరించి సభ ముందుంచుతామని ఒక లిఖిత సమాధానం వస్తుంది, అంతటితో సరి.