కుళ్లని సరుకు బేరం

కారు దిగుతూనే మా అల్లుడు చెప్పిన మొదటి మాట: "మామయ్యా, లోపల దేన్నీ చేత్తో ముట్టుకోకండి."

పండ్ల మార్కెట్లో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేసినవాడికి ఇంతకంటే కష్టమైన షరతు ఉండదు. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కకుండా, ముక్కు దగ్గర పెట్టుకోకుండా సరుకు సంగతి ఎట్లా తెలుస్తుంది? కాకపోతే అక్కడున్న సరుకు మామిడికాయ కాదు, తుపాకి.

2023 అక్టోబరులో మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్లినప్పటి మాట ఇది. పక్కింట్లో రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. నేను గడ్డిఅన్నారం మార్కెట్లో పనిచేశానని, రోజంతా బేరాల మధ్యనే బతికానని అమ్మాయి చెప్పిందట. "అయితే మీ నాన్నకు మా బేరాలు కూడా చూపించాలి" అని ఆదివారం మధ్యాహ్నం గన్ షోకి తీసుకెళ్లారు. షో అన్నమాటే గానీ అది సంతే. మన నాంపల్లి నుమాయిష్‌ను ఒక్క హాల్లోకి కుదించి, శాలువాల చోట తుపాకులు పెడితే ఎట్లుంటుందో అట్లుంది. తలుపు దగ్గర టికెట్టు, చేతి మీద ముద్ర. ఎవరైనా సొంత తుపాకి తెస్తే అందులో తూటా లేదని చూసి, పేలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించి లోపలికి పంపుతున్నారు. లోపల వరసలు వరసలుగా బల్లలు. సగం బల్లల మీద అసలు తుపాకులే లేవు: చాకులు, పాత నాణేలు, సైనికుల బెల్టులు, ఎండబెట్టిన మాంసం పొట్లాలు.

ముట్టుకోవద్దని అల్లుడు ఎందుకన్నాడంటే, విజిటర్ వీసా మీద వచ్చిన నాలాంటివాళ్లు, హెచ్1బీ మీదున్న అతని లాంటివాళ్లు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా అమెరికా చట్టం ప్రకారం నేరమే. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. కాసేపు చేత్తో పట్టుకున్నా అది దగ్గరుంచుకోవడం కిందికి వస్తుందేమోనని అతని భయం. నేను చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్లో ప్రదక్షిణం చేసేవాడిలా బల్లల చుట్టూ తిరిగాను.

మా మార్కెట్ సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మొజంజాహి మార్కెట్ దగ్గర ఉండే పండ్ల వ్యాపారం 1986లో కొత్తపేటకు వచ్చింది. 22 ఎకరాల యార్డు. చోటు కొత్తపేటే అయినా అందరి నోటా గడ్డిఅన్నారం మార్కెట్టే. నేను 1989లో ఒక కమీషన్ దుకాణంలో చేరాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి. కొల్లాపూర్, ఖమ్మం, నూజివీడు వైపు నుంచి లారీలు అర్ధరాత్రే వచ్చి వరసకట్టేవి. మిగతా కాలం నల్లగొండ బత్తాయి, దానిమ్మ, పుచ్చకాయ. రైతు సరుకు తెస్తాడు, కమీషన్ ఏజెంటు అమ్మిపెడతాడు, ఖరీదుదారు కొంటాడు, హమాలీ దించుతాడు, గుమాస్తా తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, రాస్తాడు. ఆ రాసేవాణ్ని నేను.

అక్కడ బేరం నోటితో జరిగేది కాదు, రుమాలు కింద జరిగేది. కొనేవాడు, అమ్మిపెట్టేవాడు కరచాలనం చేసుకున్నట్టు చేతులు కలుపుతారు, పైన ఒక గుడ్డ కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత అంకె. అది వందలా వేలా అన్నది సరుకు చూస్తేనే తెలిసిపోతుంది. చుట్టూ ఇరవై మంది నిలబడి ఉన్నా ఎవరికీ ధర తెలియదు. రైతుకు అసలే తెలియదు. తన కాయకు ఎంత పలికిందో అతను తక్‌పట్టీ మీద చదువుకోవాల్సిందే.

ఒకసారి మా షావుకారు ఊళ్లో లేకపోతే నన్ను చెయ్యి పెట్టమన్నారు. కుర్రతనం, కొత్త గర్వం. అవతలివాడు నాలుగు వేళ్లు పట్టాడు, చిటికెనవేలు కూడా తగిలిందనుకుని నేను ఐదు అనుకున్నాను. లారీ బయల్దేరాక తేడా బయటపడింది. గుడ్డ కింద జరిగినదానికి సాక్షి ఎవరు? తేడా మొత్తం నా జీతంలో మూడు నెలలు కోసుకున్నారు. ఆ తర్వాత ఎవరు చెయ్యి చాచినా ముందు చిటికెనవేలు ఎక్కడుందో చూసుకునేవాణ్ని.

డాలస్ హాల్లో నన్ను ముందుగా నిలబెట్టేసింది గుడ్డ లేకపోవడమే. ప్రతి తుపాకికీ దారంతో ఒక చీటీ, చీటీ మీద ధర. కొనేవాడు జేబులోంచి ఫోను తీసి, అదే తుపాకి ఆన్‌లైన్ వేలంలో ఎంతకు పోయిందో అమ్మేవాడి ముఖం మీదే చూస్తున్నాడు. పాత తుపాకుల ధరలు, వాటి నాణ్యత శాతాలు రాసిన లావుపాటి 'బ్లూ బుక్' కొందరి బల్లల మీదే ఉంది. ఇంత బాహాటంగా ధర తెలిసిపోయాక ఇక బేరం ఏముంటుందని అనుకున్నాను.

ఉందండీ, చాలానే ఉంది.

మా పెద్దాయన వెతుకుతున్నది వించెస్టర్ మోడల్ 94. కౌబాయ్ సినిమాల్లో కింది లివర్ లాగి లాగి కాలుస్తారే, ఆ బాపతు తుపాకి. మన తెలుగు కౌబాయ్ సినిమా 'మోసగాళ్లకు మోసగాడు' 1971లో వచ్చినప్పుడు నేను రెండేళ్ల పిల్లాణ్ని. తర్వాత మళ్లీ ఆడినప్పుడు చూసి వారం రోజులు కర్రముక్కతో గుర్రమెక్కాను. కాబట్టి నాకూ ఆసక్తే. ఈ మోడల్లో 1964కి ముందు చేసినవాటికే గిరాకీ. ఆ ఏడాది నుంచి ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ తయారీ పద్ధతి మార్చింది. చెక్కి చేసే కొన్ని భాగాల స్థానంలో రేకు అచ్చులు వచ్చాయి. తుపాకి మీది నంబరు చూసి ఏ ఏడాదిదో చెప్పేస్తారు. మన బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, కాయ మీద నంబరు లేదు కదా. ఏ తోటదో మేం సొన మరకను బట్టి, తొడిమ దగ్గరి గుంటను బట్టి చెప్పుకోవాల్సిందే.

మూడో వరసలో దొరికింది. చీటీ మీద 1,150 డాలర్లు. పెద్దాయన జేబులోంచి చిన్న టార్చి తీశారు. గొట్టాన్ని కాదు, ముందు మరలను చూశారు. ఎందుకని అడిగితే, మర తలమీది గాడి అంచులు నలిగి ఉంటే ఎవరో చేతకానివాడు విప్పి బిగించాడని అర్థమట. తర్వాత ఇనుము మీది నీలిపూత. పాతబడి గోధుమరంగుకు తిరిగినా పర్వాలేదు, మళ్లీ కొత్తగా పూత వేయిస్తే మాత్రం విలువ పడిపోతుంది. పదును అంచులు అరిగి, చెక్కిన అక్షరాలు మెత్తబడి, పైన మాత్రం తళతళలాడుతుంటే అది మసి పూసిన మారేడుకాయ. నాకు వెంటనే కార్బైడు వేసి మగ్గబెట్టిన మామిడి గుర్తొచ్చింది. తోలు పసుపు, టెంక దగ్గర పులుపు.

ఇంత చూసి ఆయన ధర అడగలేదు. "బాగుంది" అని పక్క బల్లకు నడిచారు. నాకు లోపల నవ్వొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద చీర నచ్చినా నచ్చనట్టు నాలుగడుగులు ముందుకు వేసే మా ఆవిడ నడక సరిగ్గా అదే. తేడా ఏమిటంటే మా ఆవిడను వెనక్కి పిలుస్తారు, ఈయన్ను ఎవరూ పిలవలేదు.

పిలవకపోవడంలోనే ఉంది కిటుకు. మామిడి గంట గంటకూ పాడవుతుంది. తెల్లవారుజామున పలికిన ధర పది గంటలకు ఉండదు, మబ్బు పడితే తొమ్మిదికే ఉండదు. రైతు లారీ కిరాయి కట్టి తెచ్చాడు, తిరిగి మోసుకుపోలేడు. కొనేవాడికి ఇది తెలుసు కాబట్టి ఊరికే నిలబడి బీడీ కాల్చినా చాలు, ధర దానంతటదే దిగుతుంది. తుపాకికి పురుగు పట్టదు. ఈ వారం పోకపోతే పై నెల ఇంకో ఊళ్లో ఇంకో షో. కాబట్టి అమ్మేవాడు నింపాదిగా కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతాడు. మన అంగళ్లలో బోణీ బేరం పోగొట్టుకోకూడదని పొద్దున్నే నాలుగు రూపాయలు తగ్గిస్తారే, అక్కడ శనివారం పొద్దున ఎవడూ పైసా తగ్గించడట. సరుకు కుళ్లకపోయినా మనిషి అలసిపోతాడు కదా. బల్లకు అద్దె కట్టాడు, రెండు రోజులు నిలబడ్డాడు, ఈ ఇనుమంతా మళ్లీ పెట్టెల్లో సర్ది బండికెక్కించాలి. ఆదివారం మూడున్నరకి ఆ బరువు గుర్తొస్తుంది. మా దగ్గర కాలం కాయను మెత్తబరిస్తే, అక్కడ నడుమును మెత్తబరుస్తుంది.

మూడూ నలభైకి పెద్దాయన తిరిగి ఆ బల్ల దగ్గరకొచ్చారు.

"నగదు. తొమ్మిది వందలు."

"వెయ్యీ యాభై," అన్నాడు అమ్మేవాడు.

పెద్దాయన మాట్లాడలేదు. తుపాకిని చూస్తూ నిలబడ్డారు. ఈ మౌనం నాకు తెలిసిందే, రుమాలు కింద వేలు వదలకుండా పట్టుకునే మౌనం. అర నిమిషం తర్వాత అవతలివాడే అన్నాడు: "వెయ్యి. పన్ను అందులోనే."

నేను మనసులో లెక్క కట్టాను. అక్కడ అమ్మకం పన్ను 8.25 శాతం. వెయ్యిలోంచి అది పోతే అమ్మినవాడికి దక్కేది 924 లోపే. అంటే చీటీ మీది ధరలో 226 డాలర్లు దిగినట్టు. పన్ను పేరు చెప్పి తగ్గించాడు గానీ, తన ధరను తగ్గించానని ఒప్పుకోలేదు. ఎంత మర్యాదైన ఓటమో!

డబ్బు చేతులు మారినా తుపాకి చేతికి రాలేదు. అమ్మినవాడు లైసెన్సున్న డీలరు. 4473 అనే ఫారం నింపించి, ప్రభుత్వ విభాగానికి విచారణ పంపాడు. కొనేవాడికి నేరచరిత్ర ఉందా లేదా అని చూసి వాళ్లు 'ఇవ్వొచ్చు', 'ఆగండి', 'ఇవ్వొద్దు' అనే మూడింట్లో ఒక జవాబిస్తారు. 1993 నాటి బ్రేడీ చట్టం వల్ల వచ్చిన తనిఖీ ఇది, 1998 నుంచి అప్పటికప్పుడు జరుగుతోంది.

ఆ ఫారం నింపుతుండగానే మా పక్కనుంచి ఒకతను భుజాన తుపాకితో నడిచివెళ్లాడు. గొట్టంలో సన్నటి పుల్ల, పుల్లకు కాగితం జెండా, జెండా మీద ధర. అతను డీలరు కాడు, సొంత తుపాకి అమ్ముకుంటున్న మామూలు మనిషి. అట్లాంటివాడి దగ్గర కొంటే టెక్సస్‌లో ఫారం అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. కొందరు తమ జాగ్రత్త కోసం డ్రైవింగ్ లైసెన్సు చూపమంటారు, అంతే. డీలరు బల్లకూ ఈ నడిచే దుకాణానికీ మధ్య నాలుగడుగుల దూరం. 1999లో కొలరాడోలో కొలంబైన్ బడిలో ఇద్దరు విద్యార్థులు 13 మందిని చంపినప్పుడు వాడిన తుపాకుల్లో మూడు, అంతకుముందు డిసెంబరులో ఒక గన్ షోలో ఇట్లాంటి ప్రైవేటు అమ్మకందార్ల దగ్గర కొన్నవే. కొన్నది వాళ్ల స్నేహితురాలు. ఆ మరుసటి ఏడాది కొలరాడో ప్రజలు ఓటు వేసి, గన్ షోల్లో ప్రతి అమ్మకానికీ తనిఖీ ఉండాలని తీర్మానించారు. టెక్సస్‌లో అట్లాంటి చట్టం లేదు. రుమాలు పోయిందనుకున్నానా? ధర మీద పోయింది గానీ, కొనేవాడి ముఖం మీద ఇంకా ఉంది.

మన దగ్గర వరస తలకిందులు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, తర్వాతే బేరం. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్నదాన్ని 2019 సవరణతో రెండుకు తగ్గించారు. మా షావుకారు బంధువుల్లో ఒకాయనకు తండ్రి నుంచి వచ్చిన జోడుబారెల్ ఒకటుండేది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో స్టేషనుకు తీసుకెళ్లి అప్పజెప్పేవాడు. ఆ తుపాకి పేలగా ఎవరూ చూడలేదు, ఆటో ఎక్కగా అందరూ చూశారు.

తుపాకులకూ మా ప్రాంతానికీ సంబంధం లేదనుకోకండి. నిజాం కొలువులో ఫిరంగులు పోయించిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి మాకు దగ్గర్లోనే, అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. 1798లో పోయాడు. జనం నోట్లో ఆయన మూసారామ్ అయ్యాడు, ఇవాళ మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ పేరులో ఉన్నది ఆయనే. ఆయన ఫిరంగుల కార్ఖానా గన్‌ఫౌండ్రీ అనే బస్టాపు పేరుగా మిగిలింది.

మా మార్కెట్టూ పేరుగానే మిగిలింది. 2021లో యార్డు మూసి వ్యాపారాన్ని విజయవాడ రోడ్డులో బాటసింగారం పంపారు. శాశ్వత మార్కెట్టు కోహెడలో అన్నారు. 2022 మార్చిలో షెడ్లు కూల్చారు, ఏప్రిల్లో అక్కడే పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మార్కెట్టు వెళ్లిపోయింది, నేను వెళ్లలేదు. ఆ వయసులో రోజూ అర్ధరాత్రి అంతదూరం పోవడం నా వల్ల కాలేదు.

ఆ ఆదివారం హాలు మూసే వేళకు నా చేతులు వెనక్కి కట్టి ఉండలేకపోయాయి. చివరి వరసలో ఒక ముసలావిడ చాకుల పెట్టె సర్దుతోంది. చెక్క పిడి ఉన్న మడత చాకు, చీటీ మీద 25 డాలర్లు. చాకు ముట్టుకోవచ్చా అని అల్లుణ్ని అడిగాను, చాకు పర్వాలేదన్నాడు. పదునును బొటనవేలి మీద చూశాను. నాకు ఇంగ్లీషు బేరం రాదు, కాబట్టి చెయ్యి చాచి అయిదువేళ్లూ మూడుసార్లు చూపించాను. ఆవిడ నవ్వి రెండు చేతులు ఒకసారి, మళ్లీ ఎనిమిది వేళ్లు చూపింది. పద్దెనిమిది. గుడ్డ లేకుండా నేను చేసిన మొదటి వేళ్ల బేరం అది.

ఇంటికొచ్చాక మా ఆవిడ రూపాయల్లో లెక్కగట్టి, ఇట్లాంటిది బేగంబజార్లో రెండొందలకు వస్తుందంది. వస్తుందేమో. కిందటి వేసవిలో బంగినపల్లి అంతా దాంతోనే కోశాం, ఇంకా సాన పట్టించలేదు.