దినదినము సత్యవేదపఠనము, ప్రార్థన

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట యను లోకోక్తి మనవారందరు నెరిగినదే. ప్రార్థన విషయమున మనలో పెక్కుమంది చేయుచున్నదియు నదియే. బిడ్డకు జ్వరము తగిలిననాడు, పరీక్షాఫలితములు వెలువడు ముందు, ఇంటి యజమాని ఉద్యోగము కదలబారినప్పుడు సత్యవేదము బీరువానుండి బయటకు వచ్చును. గండము గడువగనే మరల దాని చోటికి చేరును. ఆపదలో దేవుని పిలుచుట తప్పుగాదు. కాని కలతనొందిన మనస్సునకు ఆ వేళ ఏ పుట తీయవలయునో, ఏమని వేడవలయునో తోచదు. దప్పిక వేళకు నీరుండవలెనన్న, నెమ్మదిగా నున్న దినములలోనే బావి త్రవ్వి యుంచవలయును.

దానియేలు చరితమును చూడుడు. రాజును తప్ప మరి యెవ్వరిని వేడినను సింహముల గుహలో పడద్రోయుదురని శాసనము పుట్టినప్పుడు, అతడు క్రొత్త దీక్ష యేదియు పూనలేదు. యెరూషలేము దిక్కునకు తెరచిన కిటికీల యొద్ద, యథాప్రకారము దినమునకు ముమ్మారు మోకరించెను. ఆ “యథాప్రకారము” అనుదానియందే సర్వమును ఉన్నది. ఆనాటి ధైర్యము ఆనాడు పుట్టినది గాదు. ఎవరును గమనింపని యెన్నో సాధారణ దినములలో కూడబెట్టబడినది.

“ఇంటిపనితో మాకు తీరిక యెక్కడిది?” అని సోదరీమణులు అడుగవచ్చును. తీరిక దొరకిన పిమ్మట చేయుదమన్న పని యే ఇంటను జరుగదు. మార్కు సువార్త మొదటి యధ్యాయములో, ప్రొద్దు గ్రుంకిన వెనుక పట్టణమంతయు రోగులతో వాకిట మూగిన మరునాడే, యేసు ఇంకను చీకటి యుండగనే లేచి, ఏకాంతస్థలమునకు ప్రార్థింప వెళ్లినట్లున్నది. పని మిక్కిలి హెచ్చిన దినమునకు మరునాడే యిది జరిగెను. ఇంగ్లండులో జాన్ వెస్లీ తల్లి సుసన్నా పందొమ్మిదిమంది బిడ్డలను కన్న యిల్లాలు. ఏకాంతమునకు చోటు లేనప్పుడు కొంగువంటి పనివస్త్రమును తలపై కప్పుకొని ప్రార్థించెడిదనియు, అది చూచి పిల్లలు సద్దుచేయకుండెడివారనియు చెప్పుకొందురు. గది లేకపోయినను గడియ దొరకునని దీని భావము.

కావున ఇదివరకే తప్పక జరుగుచున్న పని నొకదానిని చూచి, ఈ అలవాటును దానికి ముడివేయవలయును. పొయ్యి వెలిగించుటకు ముందో, పిల్లలు బడికి పోయిన వెంటనే యో, రాత్రి తలుపు గడియ వేసిన పిమ్మటనో, ఏదో యొక వేళ నిర్ణయించుకొనుడు. చోటు కూడ ఒక్కటే యుండిన మేలు. చేతి ఫోనునందే సత్యవేదము దొరకు కాలమిది. కాని అందులోనే వార్తలును, బంధువుల సందేశములును పిలుచుచుండును. చేతనైనచో అచ్చుపుస్తకమునే ముందుంచుకొనుడు.

కొలత చిన్నదిగా నుండుట మంచిది. మార్కు సువార్త పదునారధ్యాయములే. దినమున కొకటి చదివిన 16 దినములలో ముగియును. సామెతల గ్రంథమున 31 అధ్యాయములు గలవు; తేదీని బట్టి చదువుకొనవచ్చును. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములు. వారమునకు ఐదు దినములు చదివినను సంవత్సరమునకు సరిపోవును. సమస్త గ్రంథమున 1189 అధ్యాయములున్నవి. దినమునకు మూడు, ఆదివారమున ఐదు చదివిన సంవత్సరములోనే ముగింపవచ్చును. మిక్కిలి అలసిన దినమున 117వ కీర్తన తీయుడు. అది రెండు వచనములే.

చదువు తీరును గూర్చి ఒక మాట. మన పెద్దలు కావ్యములు చెప్పించునప్పుడు పద్యమును చదివించి, పదములు విడదీయించి, అన్వయము కుదిర్చి, తాత్పర్యము చెప్పించిన గాని తరువాతి పద్యమునకు పోనిచ్చెడివారు కారు. వేదవాక్యమునకును ఆ ఓర్పే తగును. ఇది యెవరు ఎవరితో పలికిరి? ఎట్టి వేళ పలికిరి? నేడు నన్నేమి చేయుమనుచున్నది? ఈ మూటికి జవాబు దొరకువరకు పుట త్రిప్పకుడు. పిమ్మట చదివిన దానినుండియే ప్రార్థన మొదలుపెట్టుడు. ప్రభువు నేర్పిన ప్రార్థనయందు మొదట దేవుని నామము, రాజ్యము, చిత్తము; తరువాతనే మన యాహారము, క్షమాపణము, రక్షణము. మన విన్నపముల పట్టిక ముందుకు తోసికొని రాకుండ ఆ క్రమమే కాపాడును.

ఈ గ్రంథము మన చేతికి సులువుగా రాలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు ఆనందరాయరు సాయముతో సువార్తలను తెనిగింప పూనిరి. 1812లో శ్రీరామపురమున మూడు సువార్తలు అచ్చగునప్పటికి మిషనరీ లిరువురును లోకమున లేరు. మరాఠీ దేశమున, తల్లియొద్దనే సంస్కృతము నేర్చిన పండిత రమాబాయి, హీబ్రూ గ్రీకు భాషల నభ్యసించి, సామాన్య స్త్రీలకు బోధపడు మరాఠీలో సత్యవేదమును వ్రాయుటకై తన తుదిదినములను వెచ్చించి 1922లో కన్నుమూసెను. చదువగల స్త్రీ చదువలేని స్త్రీకి ఋణపడియున్నదని ఆమె జీవితము చెప్పుచున్నది. మీ ఇంట చూపు మందగించిన అత్తగారుండినను, అక్షరము నేర్వని పనిమనిషి యుండి వినగోరినను, మీ అధ్యాయమును బిగ్గరగా చదువుడు.

ఇక ఒక దినము తప్పినచో నేమి చేయవలయును? పెక్కుమంది ఇక్కడనే మానుకొందురు. నిన్నటి భాగమును నేటికి కలిపి, రేపటికి మూడింతలు చేసికొని, భారమునకు జడిసి పుస్తకము మూయుదురు. అరణ్యమున ఇశ్రాయేలీయులకు మన్నా ఏ దినమున కా దినమే దొరకెను; విశ్రాంతిదినమునకై కూర్చుకొన్నది తప్ప, దాచుకొన్నది పురుగుపట్టెను. నిన్న ఏరుకొననివారికి నేడు శిక్ష లేదు. నేటి పాలు నేడు వాకిటనే యున్నది. తప్పిన దినమును విడిచి, నేటి తేదీ యొద్ద మొదలుపెట్టుడు. ఒకనాడు దుఃఖమున మీ నోట మాట పెగలకపోవచ్చును. ఆ నాటికి, నిత్యము చదివిన కీర్తనలే మీ బదులు మొరపెట్టును.