గుండె నిబ్బరం పుట్టుకతోనే వస్తుందా?

2021 ఏప్రిల్‌లో ఘాజియాబాద్‌లోని ఇందిరాపురం గురుద్వారా దగ్గర ‘ఆక్సిజన్ లంగర్’ నడిచింది. ఆసుపత్రిలో పడక దొరకని కొవిడ్ రోగులకు కార్లలో, ఆటోల్లోనే ఆక్సిజన్ పెట్టారు. ఆ రోజుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు దేశమంతటా ఉన్నాయి. ఒకే ఇంట్లో, ఒకే దుఃఖంలో ఉన్నా ఒకరు కొన్నాళ్లకు పనిలో పడతారు, ఇంకొకరు ఏళ్లు గడిచినా తేరుకోరు. ఆ రెండో మనిషి గురించి చుట్టాలు తేలిగ్గా అనేస్తారు: ‘మొదట్నుంచీ పిరికి గుండే!’

ఆ మాటలో నిజం కొంతే. కష్టాన్ని తట్టుకోవడంలో మనుషుల మధ్య కనిపించే తేడాలకు సుమారు మూడో వంతు నుంచి సగం దాకా జన్యువులు కారణమని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతాయి. అయితే అది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ఫలానా మనిషి కోలుకుంటాడో లేదో అది చెప్పలేదు. ‘ధైర్యం జన్యువు’ అంటూ ఒకటి లేదు కూడా. సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు కష్టకాలంలో డిప్రెషన్‌ ముప్పును పెంచుతుందని 2003లో సంచలనం రేగింది. తర్వాతి పెద్ద విశ్లేషణల్లో అది నిలబడలేదు.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బుల మధ్య పెరిగిన వాళ్లలోనూ మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లలో చాలామంది పసితనం నుంచే కలివిడిగా ఉండే రకం. అది స్వభావం. అలాంటి బిడ్డను అమ్మమ్మో, టీచరో, పక్కింటావిడో దగ్గరకు తీస్తారు. అది పెంపకం. ఈ రెండింటినీ విడదీసేదెలా? టీనేజీలో దారి తప్పిన వాళ్లలోనూ చాలామంది పెద్దయ్యాక మంచి తోడు, చదువు, ఉద్యోగం దొరికి నిలదొక్కుకున్నారు.

సైకోథెరపీకి చోటు ఇక్కడే ఉంది. అది జన్యువుల జోలికి పోదు. దిగులుతో మనిషి పనులు మానేస్తాడు, మానేసిన కొద్దీ దిగులు ఇంకా పెరుగుతుంది. ఆ చక్రాన్ని చిన్న చిన్న పనులతో తెంచడం ఒక పద్ధతి. గోవాలో డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు దీన్ని ఆరు నుంచి ఎనిమిది విడతల్లో చేసి చూపారు. మామూలు వైద్యం ఒక్కటే అందిన వాళ్ల కన్నా వీళ్ల దగ్గరకు వెళ్లిన వాళ్లకు డిప్రెషన్ ఎక్కువగా తగ్గిందని 2017లో లాన్సెట్‌లో వచ్చింది.

దిగులును పరాయి భాషలో చెప్పుకోవడం కష్టం. ఘాజియాబాద్‌లో ఉన్న తెలుగువాళ్లకైనా అంతే. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు (14416) ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.